పాత రేసింగ్ సైకిల్ నుంచి కొత్త ఫిక్స్‌డ్ గేర్‌కి: విశాఖలో తొక్కేవారు ఎలా మారాలి

పాత రేసింగ్ సైకిల్ గేర్లన్నీ తీసేసి, వెనక ఒక్క పళ్లచక్రం బిగించుకుని కొన్నాళ్లుగా తొక్కుతున్నారు. ఇప్పుడు అచ్చంగా ఫిక్స్‌డ్ గేర్‌గానే తయారైన కొత్త సైకిల్ కొనాలని ఉంది. షాపుకి వెళ్లేముందు ఒక పని చేయండి. ఒక టేపు, తాపీమేస్త్రీలు వాడే తూకం గుండు, ఒక నోటుపుస్తకం పట్టుకుని మీ పాత సైకిల్ పక్కన గంటసేపు కూర్చోండి. మీకు ఎలాంటి కొత్త సైకిల్ కావాలో ఆ పాతదానికి తెలిసినంతగా ఏ షాపువాడికీ తెలియదు.

ఈ సైకిల్ గురించి కొత్తగా వింటున్నవారికి ఒక్క మాట. ఫిక్స్‌డ్ గేర్‌లో ఫ్రీవీల్ (పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్లచక్రం) ఉండదు. వెనక పళ్లచక్రం నేరుగా హబ్బుకే (చక్రం నడిమి భాగానికే) బిగిసి ఉంటుంది కాబట్టి చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. పల్లంలో కాళ్లు ఊరికే పెట్టుకుని జారిపోవడం కుదరదు. కాళ్లతో వెనక్కి ఆపితే సైకిల్ నెమ్మదిస్తుంది. ఆ పట్టు, రోడ్డు నేరుగా కాళ్లకి తెలియడం, వీటికోసమే మనం దీన్ని ఇష్టపడతాం.

మార్చడం నిజంగా అవసరమా?

నా పాత సైకిల్ సంగతి చెబుతాను. దాని వెనక హబ్బు ఫ్రీవీల్ కోసం చేసింది. ఫ్రీవీల్ ఎక్కే మర మీదే ఫిక్స్‌డ్ పళ్లచక్రం ఎక్కించి, బీబీ కప్పుకి (పెడళ్ల ఇరుసు కూర్చునే చోట ఉండే కప్పుకి) వచ్చే లాక్ రింగును, అంటే ఊడకుండా పట్టి ఉంచే రింగును, పైన బిగించమన్నాను. రెండు మరలూ ఒకే కొలత కాబట్టి అది ఎక్కుతుంది. బిగించిన మెకానిక్కు ముందే చెప్పాడు: ‘బాబూ, ఇది వెనక్కి ఆపితే ఊడిపోద్ది’ అని. నేను వినలేదు. ఏడాది బాగానే నడిచింది. ఒక ఉదయం సిరిపురం నుంచి పాండురంగాపురం మీదుగా బీచ్‌కి దిగుతూ కాళ్లతో గట్టిగా ఆపబోయాను. పెడల్ ఒక్కసారిగా వెనక్కి జారింది, కాళ్ల కింద పట్టు పోయింది. పళ్లచక్రం, రింగు రెండూ కలిసి వదులైపోయాయి. ముందు బ్రేకు ఉంది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

అలా ఎందుకైందో తెలిస్తే కొత్తది ఎలా ఎంచుకోవాలో సగం తెలిసినట్టే. పాత హబ్బు మీద రెండూ కుడిచేతి మరలే. వెనక్కి ఆపినప్పుడు పళ్లచక్రం విప్పే దిక్కుకి తిరుగుతుంది, తనతోపాటు రింగునీ అదే దిక్కుకి లాగుతుంది. రెండూ కలిసి విడిపోతాయి. సైకిల్ పందేల ట్రాక్ కోసం చేసిన అసలైన ట్రాక్ హబ్బులో రింగు మర ఎడమచేతిది, పైగా కొలత కూడా కొంచెం చిన్నది. పళ్లచక్రం విడిపోవాలని చూసినకొద్దీ రింగు బిగుసుకుంటుంది. మీ పాత సైకిల్‌కి ఈ రెండోరకం హబ్బు లేకపోతే ఇక ఆలోచించక్కర్లేదు, మార్చండి. మొత్తం సైకిల్ కొనే డబ్బు ఇప్పుడు లేకపోతే కనీసం వెనక చక్రమైనా మార్చండి.

మిగతా లక్షణాలు కూడా పుస్తకంలో రాసుకోండి. మలుపులో లోపలివైపు పెడల్ నేలకి తగులుతోందా? గేర్ల సైకిల్‌లో మలుపు తిరిగేటప్పుడు కాలు పైకి పెట్టి ఆపేస్తాం కాబట్టి ఆ ఫ్రేముల్లో క్రాంక్ (పెడల్ బిగించే చేయి) ఇరుసును కిందకి పెడతారు. ఫిక్స్‌డ్‌లో కాలు ఆగదు. అందుకే ట్రాక్ ఫ్రేములో ఆ ఇరుసు ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు పైన ఉంటుంది. చైన్ మాటిమాటికీ వదులవుతోందా? మీ ఫ్రేములో వెనక చక్రం కూర్చునే గాడి నిలువుగా ఉంటే, చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించే దారే లేదు. మెట్ట ఎక్కుతుంటే చక్రం ఒక పక్కకి జరిగి ఫ్రేముకి రాసుకుంటోందా? అయితే గాడి ముందుకి తెరిచి ఉండి, నట్టు పట్టు చాలడం లేదన్నమాట.

చైన్ అరుగుదల కూడా ఇప్పుడే చూడండి. అంగుళాల స్కేలు చైన్ మీద పెట్టి, ఒక పిన్ను నడిమి నుంచి 12 అంగుళాల దగ్గరి పిన్ను దాకా కొలవండి. కొత్త చైన్‌లో అది సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే పళ్లచక్రాలు కూడా అరిగిపోయాయని లెక్క. ఒక్కోసారి ‘సైకిల్ పాతబడిపోయింది’ అనుకునేదంతా అరిగిన చైనే. కొత్త చైన్, కొత్త పళ్లచక్రం వేశాక కూడా పై కష్టాలు ఉంటేనే ముందుకు వెళ్లండి.

కొలతలు తీసుకోండి

ఇంతకాలం మీ నడుము, మోకాలు, భుజం ఏ కూర్చునే తీరుకి అలవాటు పడ్డాయో అది పాత సైకిల్ మీదే ఉంది. సైకిల్‌ని చదునైన నేలమీద నిలువుగా నిలబెట్టి, వెనక చక్రం గోడకి ఆనించండి. క్రాంక్ ఇరుసు నడిమి నుంచి గోడకి ఎంత దూరమో కొలవండి. తూకం గుండును సీటు ముక్కు దగ్గర వేలాడదీసి గోడకి దూరం కొలవండి, తర్వాత హ్యాండిల్ బార్ నడిమి నుంచి, హ్యాండిల్ గొట్టం (ఫ్రేము ముందు ఫోర్కు దూరే గొట్టం) పైఅంచు నుంచి. నేల నుంచి వీటి ఎత్తులూ రాసుకోండి. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మీకు కావాల్సినవన్నీ వస్తాయి.

క్రాంక్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైఅంచుకి అడ్డంగా ఉన్న దూరాన్ని రీచ్ అంటారు, నిలువుగా ఉన్న ఎత్తును స్టాక్ అంటారు. కంపెనీలు ఇచ్చే కొలతల పట్టికలో ఈ రెండూ ఉంటాయి. 52, 54 అనే సైజు అంకె ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, దాన్ని నమ్మి కొనకండి. ట్రాక్ ఫ్రేములు సాధారణంగా ముందుకి వంగి కూర్చునేలా ఉంటాయి. పాతదానికన్నా స్టాక్ 3 సెంటీమీటర్లు తగ్గితే భీమిలి వెళ్లి వచ్చేసరికి మెడ పట్టేస్తుంది.

గేరు: మన ఊరికి ఏది?

ఇక్కడ తొందరపడకండి. ట్రాక్ సైకిళ్లు చాలావరకు 48 పళ్ల చైన్‌వీల్ (ముందు పళ్లచక్రం), వెనక 16తో వస్తాయి. చదునైన ఊళ్లకి అది బాగుంటుంది. విశాఖ చదును కాదు. రామకృష్ణా బీచ్ దగ్గర సముద్రమట్టంలో ఉంటారు, కాసేపట్లో వాల్తేరు మెట్ట ఎక్కుతుంటారు. బీచ్ రోడ్డులోనే తెన్నేటి పార్కు దగ్గర కొండ అంచున ఎక్కి దిగాలి, రుషికొండ దాటాక మళ్లీ ఎత్తుపల్లాలు.

లెక్క తేలిక. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణించండి. 700×28 టైరుకి (700 సైజు, 28 మిల్లీమీటర్ల వెడల్పు) చుట్టుకొలత సుమారు 2.13 మీటర్లు. 48/16 అంటే పెడల్ ఒక చుట్టుకి 6.4 మీటర్లు ముందుకి వెళ్తారు. 44/17 అయితే 5.5 మీటర్లు. 44/18 అయితే 5.2. నిమిషానికి 90 చుట్లు తొక్కితే మొదటిదాంతో గంటకి 34 కిలోమీటర్లు దాటుతుంది, రెండోదాంతో దాదాపు 30, మూడోదాంతో 28.

బరువైన గేరు మెట్ట దగ్గర మోకాళ్లని తినేస్తుంది. తేలిక గేరు పల్లంలో కాళ్లని పిచ్చిగా తిప్పిస్తుంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే 48/16లో నిమిషానికి 104 చుట్లు, 44/17లో 121, 44/18లో 128. అలవాటున్న కాళ్లు 120 చుట్లు తిప్పగలవు. నా మాట: విశాఖలో రోజూ తిరిగేవారు 44/17తో మొదలుపెట్టండి. సిరిపురం, పెదవాల్తేరు, మద్దిలపాలెం వైపు రోజూ ఎక్కేవారు 44/18. ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డు మీదే ఎక్కువ తిరిగేవారికి 46/17 సరిపోతుంది.

17 నేను ఊరికే చెప్పడం లేదు. కాళ్లు బిగబట్టి వెనక చక్రాన్ని జారనిస్తే టైరు రోడ్డుకి రాసుకుంటుంది. పెడల్ ఒకే స్థితిలో ఆగుతుంది కాబట్టి టైరు మీద కొన్ని చోట్లే అరుగుతుంది. 48/16ని కుదిస్తే 3/1, అంటే ప్రతిసారీ ఒకే చోట. 44/17ని కుదించడం కుదరదు, కాబట్టి 17 చోట్ల పంచుకుంటుంది. 44/18 కుదిస్తే 22/9, తొమ్మిది చోట్ల. టైరు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఈ చిన్న భాగహారం మీద ఉంది.

ఫ్రేము, ఫోర్కు

ముందు ఫోర్కు చూడండి, రంగు తర్వాత. ఫోర్కు పైభాగంలో బ్రేకు బిగించే రంధ్రం లేకపోతే ఆ సైకిల్ పక్కన పెట్టేయండి. వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్ మీద) తిరగడానికి చేసిన ఫ్రేములకి అది ఉండదు, అక్కడ ఎదురుగా ఆటో రాదు, రోడ్డుకి అడ్డంగా ఆవు రాదు. వెనక చక్రం ఒక్కదాన్నే ఆపితే, ముందు బ్రేకుతో ఆగే దూరానికి రెట్టింపు దాకా పడుతుంది. ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. కాళ్లతో ఎంత బాగా ఆపగలిగినా ముందు బ్రేకు ఉండాల్సిందే. ఇందులో నేను ఎవరితోనూ రాజీపడను.

తర్వాత టైరుకి ఎంత చోటుందో చూడండి. కొన్ని ట్రాక్ ఫ్రేముల్లో 25 మిల్లీమీటర్లకి మించి పట్టదు. మన రోడ్ల మీద గోతులు, మాన్‌హోల్ మూతలు, బీచ్ రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక ఉంటాయి. 28 పట్టాలి, 32 పడితే ఇంకా మంచిది. నీళ్ల సీసా బిగించే రంధ్రాలు ఉన్నాయా? చాలా ట్రాక్ ఫ్రేములకి ఉండవు. ఏప్రిల్‌లో రుషికొండ వెళ్లి వచ్చినవారికి ఆ రెండు రంధ్రాల విలువ తెలుసు.

వెనక గాడి వెనక్కి తెరిచి, అడ్డంగా ఉండాలి. రెండు గాడి పలకల మధ్య వెడల్పు 120 మిల్లీమీటర్లు. క్రాంక్ పొడవు 165 అయితే మేలు, పాతదాని 170 కన్నా 5 మిల్లీమీటర్లు తక్కువ కాబట్టి మలుపులో పెడల్‌కి ఇంకాస్త ఖాళీ దొరుకుతుంది. సైకిల్ మీద కూర్చుని పెడల్ అడ్డంగా ఉంచి హ్యాండిల్ తిప్పండి. చెప్పు ముందు చక్రానికి తగులుతుందేమో చూడండి. పొట్టి సైజుల్లో చాలావాటికి తగులుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడే ఇబ్బంది, కానీ ముందే తెలిసి ఉండాలి.

స్టీలా, అల్యూమినియమా అంటే రెండూ మంచివే. స్టీలు కుదుపు తగ్గిస్తుంది, కానీ సముద్రపు గాలికి గొట్టాల లోపలి నుంచి తుప్పు పడుతుంది. స్టీలు తీసుకుంటే చక్రాలు బిగించకముందే సీటు గొట్టంలోంచి తుప్పు నివారణ నూనె లోపలికి కొట్టి, ఫ్రేముని అన్నివైపులా తిప్పి, ఒక రాత్రి వదిలేయండి.

హబ్బుని వేలితో తడిమి చూడండి

‘సింగిల్ స్పీడ్’, ‘ఫిక్సీ’ అని రాసి అమ్మే కొన్ని సైకిళ్లలో ఫ్రీవీల్ మర మాత్రమే ఉంటుంది. ఫొటోలో తేడా తెలియదు. వెనక హబ్బు మీద మర రెండు మెట్లుగా ఉందా అని చూడండి: లోపల పెద్దది, బయట కొంచెం చిన్నది. ఆ చిన్నదే లాక్ రింగుది. దాన్ని ఎడమవైపు తిప్పితే బిగుసుకోవాలి. ఇంటికి పెట్టెలో తెప్పించుకుంటుంటే అమ్మేవాళ్లని ఈ భాగం దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. ఒకవైపు ఫిక్స్‌డ్, రెండోవైపు ఫ్రీవీల్ ఉన్న హబ్బు దొరికితే అదే తీసుకోండి. ఫ్రీవీల్ వైపు తిప్పి తొక్కాలనుకుంటే మాత్రం వెనక బ్రేకు కూడా ఉండాలి.

పాత సైకిల్ నుంచి ఏం వస్తాయి? పెడల్స్, వాటి పట్టీలు, సీటు సాధారణంగా సరిపోతాయి. ముందు చక్రం 700 అయితే వస్తుంది. పాత 27 అంగుళాల చక్రమైతే రిమ్ము 8 మిల్లీమీటర్లు పెద్దది, బ్రేకు రబ్బరు 4 మిల్లీమీటర్లు పైకి జరపాల్సి వస్తుంది, ఒక్కోసారి ఫోర్కుకే తగులుతుంది. హ్యాండిల్, స్టెమ్, వెనక చక్రం రావు, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

బిగించేటప్పుడు

విశాఖలో చాలా షాపులు గేర్ల సైకిళ్లకే అలవాటు పడ్డాయి. మీరు పక్కన ఉండి చేయించండి, లేదా మీరే చేయండి. కావాల్సిన పనిముట్లు: 15 మిల్లీమీటర్ల పానా, చైన్ విప్ (పళ్లచక్రాన్ని తిప్పే, చైన్ ముక్క ఉన్న పిడి), లాక్ రింగుకి కొక్కెం పానా, గ్రీజు. సైకిల్ డబ్బులోంచే వీటికి కొంత పక్కన పెట్టుకోండి.

హబ్బు మర శుభ్రంగా తుడిచి గ్రీజు రాయండి. పళ్లచక్రాన్ని ముందు చేత్తోనే తిప్పి ఎక్కించండి. వంకరగా ఎక్కితే మర పోతుంది, ఇక ఆ హబ్బు పనికిరాదు. చైన్ విప్‌తో గట్టిగా బిగించి, తర్వాత లాక్ రింగు. ఇప్పుడు చక్రం పెట్టి, ముందు బ్రేకు మాత్రమే వాడుతూ బీచ్ నుంచి సిరిపురం దాకా మెట్ట ఎక్కండి. మీ కాళ్ల బలానికి పళ్లచక్రం ఇంకాస్త బిగుస్తుంది, రింగుకీ దానికీ మధ్య సందు వస్తుంది. దిగేముందు అక్కడే ఆగి రింగు మళ్లీ బిగించండి. కొక్కెం పానా జేబులో ఉండాలి.

చైన్ వెనక, ముందు పళ్లచక్రాల మధ్య నేరుగా ఉండాలి. చైన్ నడిమిలో వేలితో కదిపితే పైకీ కిందకీ కలిపి అర అంగుళం ఊగాలి. చైన్‌వీల్ ఎప్పుడూ పూర్తి గుండ్రంగా కూర్చోదు, అందుకని క్రాంక్ నెమ్మదిగా తిప్పుతూ బాగా బిగిసే చోటు వెతకండి, అక్కడ కూడా తేలిగ్గా తిరగాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, మరీ వదిలేస్తే చైన్ ఊడుతుంది. ఫిక్స్‌డ్‌లో చైన్ ఊడితే వెనక చక్రం బిగుసుకుపోయి పడేస్తుంది. మన నల్ల సైకిళ్లకి ఉండేలాంటి చైన్ అడ్జస్టర్లు రెండువైపులా పెట్టించుకుంటే చక్రం జరగదు.

సీటు కింది అల్యూమినియం కడ్డీని స్టీలు ఫ్రేములోకి గ్రీజు లేకుండా దించకండి. ఉప్పు తేమకి రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, తర్వాత రంపంతో కోయాల్సిందే. ఏడాదికి రెండుసార్లు బయటికి తీసి మళ్లీ గ్రీజు రాయండి.

ఒక హెచ్చరిక. చైన్ తుడిచేటప్పుడు, నూనె వేసేటప్పుడు వెనక చక్రం తిప్పుతూ గుడ్డ పళ్లచక్రం దగ్గరికి తీసుకెళ్లకండి. మామూలు సైకిల్‌లో గుడ్డ ఇరుక్కుంటే చైన్ ఆగుతుంది. ఇందులో చక్రం ఊపు గుడ్డతోపాటు వేలిని లాగేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకీ చెప్పండి. బూటు లేసులు, ప్యాంటు అంచు, చున్నీ కూడా అంతే.

మొదటి నెల

పాతదాని మీద ఎంత అనుభవం ఉన్నా కొత్త ఫ్రేము చురుగ్గా తిరుగుతుంది, ముందు చక్రం కొంచెం దగ్గరగా ఉంటుంది. తెల్లవారుజామున రామకృష్ణా బీచ్ దగ్గర వాహనాలు ఆపేసే వేళ ఉంటుంది. సబ్‌మెరైన్ మ్యూజియం ముందు ఆ చదును రోడ్డు మీద వారంపాటు ఆగడం, ఎక్కడం, ఒక చేత్తో పోవడం చేయండి. రెండోవారం జోడుగుళ్లపాలెం దాటి రుషికొండ దాకా వెళ్లండి. కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్లు మాత్రం నెలలు గడిచాకే. ఎక్కడం కాదు టెన్షన్, దిగడం. కాళ్లు తిప్పలేనంత వేగం వచ్చేదాకా చూస్తూ ఉండకండి, వంపు మొదట్లోనే బ్రేకు పట్టుకోండి.

మొదటి వారం రోజూ, తర్వాత వారానికి ఒకసారి ఇరుసు నట్లు, లాక్ రింగు, క్రాంక్ బోల్టులు చూడండి. సముద్రం పక్కన తిరిగి వచ్చిన రోజు మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఫ్రేము, రిమ్ములు, బోల్టుల తలలు తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తండి. చైన్‌కి రెండు చుక్కల నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. నూనె ఎక్కువైతే బీచ్ ఇసుకని పట్టుకుని సానరాయిలా అరగదీస్తుంది. అక్టోబరు, నవంబరు తుపానుల వేళ ఇది మానకండి.

పాత సైకిల్‌ని వెంటనే అమ్మేయకండి. నెలరోజులు ఉంచుకోండి, కొత్తది ఎక్కడో నొప్పి పెడితే మళ్లీ టేపు పట్టుకుని చూసుకోవడానికి అదే ఆధారం. ఆ తర్వాత వానాకాలానికి ఉంచుకోవచ్చు, తమ్ముడికో చెల్లికో ఇవ్వచ్చు. ఎవరికిచ్చినా వెనక ఫిక్స్‌డ్ పళ్లచక్రం, ఆ బీబీ రింగు తీసేసి, ఫ్రీవీల్ ఎక్కించి, రెండు బ్రేకులూ బిగించాకే ఇవ్వండి. తీసిన రింగు మళ్లీ ఏ హబ్బు మీదకీ చేరకుండా నేను నాదాన్ని పాత ఇనుముకి వేసేశాను.